సినిమాలను ఆటపట్టించే హాస్య ప్రదర్శనలు: లైవ్ రికార్డింగా, స్టూడియో రికార్డింగా? – తరచుగా అడిగే ప్రశ్నలు

తెరమీద ఒక సినిమా నడుస్తూ ఉంటే, దాని సంభాషణల సందుల్లో ఇద్దరు ముగ్గురు హాస్యగాళ్లు చురకలు వేస్తూ పోయే అమెరికన్ ప్రదర్శనలకు తెలుగు ప్రేక్షకుల్లోనూ అభిమానులు ఉన్నారు. మిస్టరీ సైన్స్ థియేటర్ 3000, రిఫ్‌ట్రాక్స్, సినిమాటిక్ టైటానిక్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. కొత్తగా చూడటం మొదలుపెట్టినవారు అడిగే సందేహాల్లో సగానికి పైగా లైవ్, స్టూడియో తేడా చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

లైవ్ అంటే ఏది, స్టూడియో అంటే ఏది? రెండూ చేసేది ఆ మనుషులే కదా?

మనుషులు వాళ్లే అయినా పని వేరు. స్టూడియోలో వ్యాఖ్యాతలు రాతప్రతి ముందు పెట్టుకొని మైకులో చదువుతారు, నాలుక తడబడితే ఆ వాక్యాన్ని మళ్లీ చదువుతారు, ఆ తర్వాత ప్రతి జోకూ సినిమాలో దొరికిన ఖాళీలో సరిగ్గా ఇమిడేలా ఎడిటింగులో సర్దుతారు. జోకు పడే క్షణంలో సినిమా శబ్దం కొద్దిగా తగ్గి, జోకు అయిపోగానే తిరిగి పెరుగుతుంది. లైవ్‌లో ఈ వెసులుబాట్లు దాదాపుగా ఉండవు. ప్రేక్షకులతో నిండిన హాలులో సినిమా ఆగకుండా నడుస్తుంది, వ్యాఖ్యాతలు తెర పక్కన నిలబడి చదువుతారు, నవ్వు ఎంతసేపు ఉంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు. వేదికమీది ఇతర హాస్యగాళ్లు నవ్వు తగ్గేదాకా ఆగగలరు గానీ, వీళ్లు ఆగినా వెనక సినిమా ఆగదు. ఈ రెండు రకాల రికార్డింగుల మధ్య కనిపించే తేడాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

మిస్టరీ సైన్స్ థియేటర్ 3000లో సినిమా హాలు సీట్లు, వాటిలో నీడలు కనిపిస్తాయి. అది లైవ్ కిందికి వస్తుందా?

రాదు. అది పూర్తిగా స్టూడియోలో తీసిన టెలివిజన్ కార్యక్రమం. జోయెల్ హాడ్జ్‌సన్ సృష్టించిన ఈ ప్రదర్శన 1988 నవంబరు 24న మినియాపొలిస్‌లోని కేటీఎమ్ఏ అనే స్థానిక చానెల్లో మొదలై, మరుసటి ఏడాది దేశవ్యాప్త కేబుల్ చానెల్‌కు వెళ్లి, 1999 దాకా నడిచింది. తెర కింద వరుస సీట్లలో ఒక మనిషి, రెండు రోబోలు నీడలుగా కనిపిస్తారు గానీ, వాళ్ల వెనక ప్రేక్షకులు ఎవరూ లేరు. నవ్వుల ట్రాకు కూడా వేయలేదు. ఆ నిశ్శబ్దమే ఈ కార్యక్రమానికి కలిసివచ్చిందని నా అభిప్రాయం. మనకోసం నవ్వేవాళ్లు లేకపోవడం వల్ల నాలుగో సీటులో మనమే కూర్చున్నట్టు ఉంటుంది.

అదే పేరుతో వేదికమీద చేసిన ప్రదర్శనలు కూడా ఉన్నాయి. 2017 నుంచి ఈ బృందం అమెరికాలో ఊరూరా తిరిగి లైవ్ ప్రదర్శనలు ఇచ్చింది. ఆ పర్యటనలు వేరు, టెలివిజన్ ఎపిసోడ్లు వేరు.

జోకులు అప్పటికప్పుడు పుట్టినవా, ముందే రాసుకున్నవా?

చాలావరకు ముందే రాసుకున్నవే. ఈ మాట వినగానే కొందరు నిరుత్సాహపడతారు గానీ, నిజానికి ఆశ్చర్యపడవలసింది రాతలోని పనితనానికే. కేటీఎమ్ఏ రోజుల్లో జోకులు ఎక్కువగా ఆశువుగా వచ్చేవి. అప్పటి ఎపిసోడ్లు చూస్తే నిమిషాల తరబడి ఎవరూ మాట్లాడని చోట్లు కనిపిస్తాయి. కేబుల్‌కు వెళ్లాక రచయితలందరూ ఒక గదిలో కూర్చొని సినిమాను ఆపి ఆపి చూస్తూ, ప్రతి వాక్యానికీ సమయం గుర్తించి రాయడం మొదలుపెట్టారు. రిఫ్‌ట్రాక్స్‌లో సినిమాను ముక్కలుగా పంచుకొని ఒక్కొక్కరు ఒక్కొక్క భాగం రాసి, ఆ తర్వాత కలిపి దిద్దుకునే పద్ధతి ఉంది. మైకేల్ జె. నెల్సన్, కెవిన్ మర్ఫీ, బిల్ కార్బెట్‌లతోపాటు కానర్ లస్టౌకా, షాన్ థామసన్ వంటి రచయితలూ ఆ రాతలో పాలుపంచుకుంటారు.

లైవ్‌లోనూ చేతిలో రాతప్రతి ఉంటుంది. మాట తడబడినప్పుడు, నవ్వు అనుకున్నదానికన్నా ఎక్కువసేపు సాగినప్పుడు ఒకటి రెండు మాటలు అప్పటికప్పుడు వస్తాయి. లైవ్ అంటే ఆశుకవిత్వం అనుకొని చూస్తే మాత్రం నిరాశ తప్పదు.

ఎవరు ఏ బృందమో అర్థం కావడం లేదు. క్లుప్తంగా చెప్పగలరా?

అందరూ మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 నుంచి వచ్చినవారే. నెల్సన్ 2006లో రిఫ్‌ట్రాక్స్ మొదలుపెట్టారు, మర్ఫీ, కార్బెట్ ఆయనతో స్థిరపడ్డారు. హాడ్జ్‌సన్, ట్రేస్ బోల్యూ, ఫ్రాంక్ కానిఫ్, మేరీ జో పెల్, జె. ఎల్విస్ వైన్‌స్టీన్ కలిసి 2007లో సినిమాటిక్ టైటానిక్ పెట్టారు. అది 2013 చివరిదాకా నడిచింది. బోల్యూ, కానిఫ్ ఇద్దరూ ఆ తర్వాత ద మ్యాడ్స్ పేరుతో ప్రదర్శనలు ఇచ్చారు.

ఇంగ్లీషు వేగం అందడం లేదు. ఏది తేలిక?

స్టూడియోది. గొంతులు శుభ్రంగా వినిపిస్తాయి, వెనక్కి తిప్పి వింటే మాట దొరుకుతుంది. అయితే లైవ్‌లో ఒక సౌకర్యం ఉంది. హాలు పగిలేలా నవ్వారంటే అక్కడ ఏదో జోకు పడిందని తెలుస్తుంది. 1970ల, 80ల అమెరికన్ వాణిజ్య ప్రకటనల మీద, మరిచిపోయిన టెలివిజన్ ధారావాహికల మీద వేసే జోకులు మనకు తగలకుండానే పక్కనుంచి వెళ్లిపోతాయి. స్టూడియోలో అలాంటివి వచ్చాయని కూడా మనం గుర్తించం. జోకు ఎక్కడుందో నవ్వు చెబుతుంది, ఎందుకో మనం వెతుక్కోవాలి. నాలుగైదు చూశాక చెవి అలవాటుపడుతుంది.

## ఎంచుకునేటప్పుడు

ఒకే సినిమాకు లైవ్, స్టూడియో రెండూ ఉన్నాయి. ముందు ఏది చూడాలి?

ఈ ప్రశ్నకు అందరికీ ఒకటే జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. సినిమాలో మాటలు ఎన్ని ఉన్నాయి, ఖాళీలు ఎన్ని ఉన్నాయి అన్నది చూసి తేల్చుకోవాలి.

ఖాళీలు ఎక్కువగా ఉన్న సినిమాకు లైవ్ బాగుంటుంది. 1966 నాటి మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్ దీనికి మంచి ఉదాహరణ. సినిమా మొదట్లో ఒక కుటుంబం కారులో పోతూనే ఉంటుంది. పొలాలు, రోడ్డు, మళ్లీ పొలాలు. పేర్లు వేయడానికని తీసిన ఆ దృశ్యాలమీద చివరికి పేర్లు వేయకుండానే వదిలేశారు కాబట్టి, కథ లేదు, మాట లేదు, చూడటానికి ఏమీ లేదు. ఇంట్లో ఒంటరిగా కూర్చొని చూసేవాడికి ఆ నిమిషాలు బరువుగా గడుస్తాయి, ఎంత మంచి జోకు పడినా దాని తర్వాత మళ్లీ ఆ రోడ్డే. హాలులో ఇదే దృశ్యం వచ్చినప్పుడు జోకుకూ జోకుకూ మధ్య ఖాళీని జనం నవ్వు నింపుతుంది. రోడ్డు ఇంకా అయిపోలేదన్న విషయానికే జనం మళ్లీ నవ్వుతారు. 2012 ఆగస్టులో రిఫ్‌ట్రాక్స్ ఈ సినిమాను లైవ్‌గా చేసింది, ఈ రకం సినిమాను ఎందుకు జనం మధ్య చూడాలో దాన్ని చూస్తే తెలుస్తుంది.

మాటలు ఎడతెగకుండా సాగే సినిమాకు స్టూడియోనే మేలు. సందు అరసెకను మాత్రమే దొరికే చోట జోకును అందులో ఇరికించి, వెంటనే సినిమాలోని తర్వాతి మాట వినిపించేలా చేయడం ఎడిటింగుతోనే సాధ్యం. హాలులో అదే జోకుకు నవ్వు వస్తే సినిమాలోని తర్వాతి రెండు మాటలు ఆ నవ్వులో కొట్టుకుపోతాయి. ఆ రెండు మాటల మీద ఆధారపడిన తర్వాతి జోకు దిక్కులేనిదవుతుంది.

సినిమా గురించి ఏమీ తెలియకపోతే మొదట స్టూడియో, తర్వాత లైవ్ చూడటం సురక్షితం. సినిమా ముందే తెలిసినవారు ఈ క్రమాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రెండింటిలోనూ జోకులు అవేనా? అయితే రెండూ కొనడం దండగ కదా?

ఒకే బృందం ముందు స్టూడియోలో, తర్వాత లైవ్‌గా చేసినప్పుడు బాగా పేలిన జోకులు కొన్ని మళ్లీ వస్తాయి. కానీ రాతప్రతిని హాలుకు అనుగుణంగా తిరగరాస్తారు. ద రూమ్ అనే 2003 నాటి సినిమాకు రిఫ్‌ట్రాక్స్ 2009లో స్టూడియో వ్యాఖ్యానం విడుదల చేసి, 2015 మే నెలలో దాన్నే లైవ్‌గా చేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే, రాసేవారి చేయి ఆ ఆరేళ్లలో ఎటు తిరిగిందో కూడా తెలుస్తుంది. సినిమా మీకు నచ్చితే రెండూ తీసుకోండి. కుతూహలం కొద్దీ చూస్తున్నవారికి ఒక్కటి చాలు.

లైవ్‌లో జోకులు తక్కువగా ఉంటాయంటారు. నిజమేనా?

నిజమే, అది లోపం కాదు. హాలులో ప్రతి నవ్వుకూ రెండు మూడు సెకన్లు పోతాయి. అంత సమయం వదలకుండా స్టూడియో వేగంతోనే చదివితే సగం జోకులు నవ్వుల కింద పడి నలిగిపోతాయి. కాబట్టి పెద్ద నవ్వు వస్తుందనుకున్న జోకు తర్వాత ఖాళీ వదిలి రాస్తారు. స్టూడియోలో మాత్రం మూడు జోకులు గొలుసుగా వేయవచ్చు. మొదటిది చిన్నది, రెండోది దానికి జవాబు, మూడోది ఎవరూ ఊహించనిది.

ఇంకొక తేడా గమనించదగ్గది. బర్డెమిక్ అనే సినిమాలో గాలిలో ఒకేచోట రెక్కలాడించే కంప్యూటర్ పక్షులను మనుషులు బట్టలు తగిలించే తీగ హ్యాంగర్లతో కొట్టి తరుముతారు. ఇటువంటి దృశ్యం వచ్చినప్పుడు హాలులో ఎవరూ ఏమీ అనక్కర్లేదు. బొమ్మ కనిపించగానే నవ్వు వస్తుంది, అక్కడ నోరు మూసుకొని నిలబడటమే వ్యాఖ్యాత చేయవలసిన పని. స్టూడియోలో అదే మౌనం పాటిస్తే వినేవాడికి రికార్డింగు ఆగిపోయిందేమో అనిపిస్తుంది కాబట్టి అక్కడ ఏదో ఒకటి అనక తప్పదు. అంటే లైవ్‌లో తగ్గిన జోకుల్లో కొన్నిటి పనిని సినిమాయే చేసిపెడుతుంది.

లైవ్‌కు ఎప్పుడూ పాత, పేరులేని సినిమాలే ఎందుకు వస్తాయి? స్టూడియో జాబితాలో పెద్ద సినిమాలు ఉన్నాయి కదా!

ఇది పూర్తిగా హక్కుల వ్యవహారం. రిఫ్‌ట్రాక్స్ మొదలైనప్పుడు కనిపెట్టిన ఉపాయం చాలా సులువైనది. పెద్ద సంస్థల సినిమాల విషయంలో వాళ్లు సినిమాను అమ్మరు, తమ గొంతులున్న ఎమ్‌పీ3 మాత్రమే అమ్ముతారు. సినిమా డిస్కు మీరే తెచ్చుకొని రెండింటినీ ఒకేసారి నడుపుకోవాలి. 2006లో రోడ్ హౌస్ అనే సినిమాతో ఈ పద్ధతి మొదలైంది. సినిమాలోని బొమ్మనూ శబ్దాన్నీ ముట్టుకోరు కాబట్టి ఎంత పెద్ద సంస్థ తీసిన సినిమానైనా ఆటపట్టించవచ్చు.

వేదికమీద ఈ ఉపాయం చెల్లదు. వందలమంది ముందు, అందులోనూ దేశమంతటా వందల థియేటర్లలో సినిమాను చూపించాలంటే హక్కుదారు అనుమతి కావాలి. అందుకే కాపీరైటు గడువు తీరిన సినిమాలు, తక్కువ ఖర్చుకు హక్కులు దొరికే సినిమాలు లైవ్‌లో ఎక్కువగా కనిపిస్తాయి. 2013లో రిఫ్‌ట్రాక్స్ ఒక ప్రయత్నం చేసింది. ట్వైలైట్ సినిమా హక్కులు కొనడానికని, చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటులో 55,000 డాలర్లు కావాలని అడిగితే, అభిమానులు 2.6 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అంత డబ్బున్నా ట్వైలైట్ దొరకలేదు. ఆ ఏడాది ఆగస్టులో స్టార్‌షిప్ ట్రూపర్స్‌ను లైవ్‌గా చేశారు. మరుసటి ఏడాది మళ్లీ అభిమానుల డబ్బుతోనే 1998 నాటి గాడ్జిల్లా వచ్చింది. డబ్బొక్కటే ఉంటే సరిపోదు, హక్కుదారుకు తన సినిమాను నలుగురిలో నవ్వులపాలు చేయించుకునే ఓపిక కూడా ఉండాలి.

లైవ్ రికార్డింగులో సినిమా కాక ఇంకేమైనా ఉంటుందా?

సాధారణంగా అసలు సినిమాకు ముందు ఒకటి రెండు పాత లఘుచిత్రాలు ఉంటాయి. బడిపిల్లలకో ఉద్యోగులకో నీతులు చెప్పడానికి దశాబ్దాల కిందట తీసినవి ఇవి. మాట నిజం చెప్పాలంటే, చాలా లైవ్ ప్రదర్శనల్లో అసలు సినిమాకన్నా ఈ లఘుచిత్రాలే బాగా పండుతాయి. పది నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి అలసట ఉండదు. కొన్ని ప్రదర్శనల్లో పాటలు, అతిథులు ఉంటారు. 2009లో జరిగిన క్రిస్మస్ లఘుచిత్రాల ప్రదర్శనలో పేరడీ పాటల గాయకుడు వియర్డ్ ఆల్ యాంకోవిక్ అతిథిగా వచ్చారు.

## వినేటప్పుడు, చూసేటప్పుడు

ఎమ్‌పీ3 సినిమాతో కలవడం లేదు. మొదట బాగానే ఉండి తర్వాత తప్పిపోతోంది. ఏం చేయాలి?

లక్షణాన్ని బట్టి కారణం తెలుస్తుంది. మూడు రకాలుగా తప్పుతుంది.

తేడా మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటే మీరు తప్పుచోట మొదలుపెట్టారని అర్థం. స్ట్రీమింగులో సినిమాకు ముందు అదనంగా ఒక సంస్థ చిహ్నం వచ్చి ఉండవచ్చు. వ్యాఖ్యానం మొదట్లో ఏ బొమ్మ దగ్గర ఆపి మొదలుపెట్టాలో చెబుతారు, దాన్ని శ్రద్ధగా వినండి.

తేడా మెల్లమెల్లగా పెరుగుతూ పోతే సినిమా నడిచే వేగంలోనే తేడా ఉంది. పాల్ అనే టీవీ పద్ధతిలో తయారైన డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల చొప్పున నడుపుతారు. దాంతో 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, అరగంట గడిచేసరికి ఎమ్‌పీ3 ఒక నిమిషానికి పైగా వెనకబడుతుంది. మాటిమాటికీ ఆపి సర్దుకోవడం విసుగు పుట్టిస్తుంది. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ డీవీడీనో బ్లూరేనో తెచ్చుకోవడం, లేదా ఆడియో ప్లేయరులో వేగాన్ని నాలుగు శాతం పెంచుకోవడం దీనికి మార్గాలు.

ఒకచోట ఉన్నట్టుండి దూకితే మీ దగ్గరున్నది వేరే ఎడిషను. దర్శకుడి కట్, పొడిగించిన కట్ వంటివాటిలో అదనపు దృశ్యాలు ఉంటాయి. ఇక్కడ సర్దుబాటుతో పని జరగదు, వ్యాఖ్యానం ఏ ఎడిషనుకు చేశారో దాన్నే తెచ్చుకోవాలి.

రిఫ్‌ట్రాక్స్ ఎమ్‌పీ3ల్లో అప్పుడప్పుడు ఒక రోబో గొంతు సినిమాలోని ఒక మాటను పాత్రతోపాటే పలుకుతుంది. దాని పేరు డిసెంబాడియో. ఆ రెండు గొంతులు ఒకేసారి వినిపిస్తే అంతా సరిగా ఉన్నట్టు. సినిమా, వ్యాఖ్యానం కలిపి ఒకే వీడియోగా అమ్మేవాటికి, లైవ్ వీడియోలకు ఈ బాధ లేదు.

లైవ్‌లో నవ్వుల హోరుకు మాటలు వినబడటం లేదు. నా టీవీలో లోపమా?

కొంత రికార్డింగులోనే ఉంది, కొంత మీరు సరిచేసుకోగలిగింది. టీవీలో కృత్రిమమైన సరౌండ్ అమరిక ఉంటే తీసేయండి, అది హాలు శబ్దాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ మధ్య తేడాను తగ్గించే నైట్ మోడ్ ఉంటే పెట్టుకోండి. హెడ్‌ఫోన్లతో మాట బాగా తెలుస్తుంది గానీ, చుట్టూ జనం నవ్వుతూ ఉంటే మధ్యలో మీరొక్కరే కూర్చున్నట్టుగా ఉండటం కొందరికి నచ్చదు. ఇన్ని చేసినా కొన్ని జోకులు పోతాయి. ఆ రోజు హాలులో ఉన్నవాళ్లకూ అవి వినబడలేదు.

ఆ నవ్వులు అసలువేనా, తర్వాత అతికించినవా?

లైవ్ అని అమ్మేవాటిలోవి హాలులో పెట్టిన మైకులు పట్టిన నవ్వులే. గుర్తుపట్టడం కష్టం కాదు. అతికించిన నవ్వు ప్రతి జోకుకూ ఒకే కొలతలో వచ్చి ఒకేలా ఆగుతుంది. అసలు నవ్వు కొన్నిచోట్ల ఆలస్యంగా మొదలవుతుంది, కొన్నిచోట్ల ఒక మూలనుంచి ఇద్దరే నవ్వుతారు, ఒక్కొక్కసారి జోకు చల్లగా పడిపోయి ఎవరూ నవ్వరు. లైవ్ రికార్డింగులో చల్లబడిన జోకు తర్వాత వ్యాఖ్యాత గొంతులో వచ్చే మార్పు వినండి, స్టూడియోలో అది ఎప్పుడూ దొరకదు.

బొమ్మ చూడకుండా వింటే చాలా?

రిఫ్‌ట్రాక్స్ కొన్ని వ్యాఖ్యానాలను సినిమా లేకుండా జోకులు మాత్రమే వినిపించే ఆడియోగానూ ఇస్తుంది. సినిమా మీకు బాగా తెలిసి ఉంటే ప్రయాణంలో వినడానికి పనికొస్తుంది, తెలియకపోతే ఒక్క ముక్క అర్థం కాదు. అలా వినదలచుకుంటే స్టూడియోదే తీసుకోండి. లైవ్‌లో జనం దేన్ని చూసి నవ్వారో తెలియకపోతే చికాకు కలుగుతుంది.

## కొంత అలవాటయ్యాక

థియేటర్లో తెరమీద వేసిన ప్రదర్శనను లైవ్ అనవచ్చా?

రిఫ్‌ట్రాక్స్ 2009 ఆగస్టు 20న నాష్‌విల్‌లోని బెల్‌కోర్ట్ థియేటర్లో ప్లాన్ నైన్ ఫ్రమ్ అవుటర్ స్పేస్‌ను ప్రదర్శించి, దాన్ని ఫాథమ్ సంస్థ ద్వారా ఉపగ్రహం సాయంతో దేశమంతటా థియేటర్లకు పంపింది. ఈ పద్ధతి ఆ తర్వాత కూడా కొనసాగింది. అయితే అమెరికాలో కాలమండలాలు వేరు కాబట్టి తూర్పు, మధ్య ప్రాంతాలవాళ్లు ప్రదర్శన జరుగుతుండగానే చూస్తే, పశ్చిమతీరంవాళ్లు రికార్డు చేసినదాన్ని కొన్ని గంటల తర్వాత తమ సాయంకాలంలో చూశారు.

అక్కడ వ్యాఖ్యాతలకు మీ నవ్వు వినబడదు కాబట్టి ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. బెల్‌కోర్ట్‌లో జనం నవ్వు ముగిసిందని వాళ్లు తర్వాతి జోకు వేస్తారు, మీ ఊరి థియేటర్లో నవ్వు ఇంకా ముగిసి ఉండదు. రెండు హాళ్ల నవ్వులు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇంట్లో లైవ్ వీడియో చూసేవారికి ఆ గందరగోళం లేదు. ఈ ఒక్క విషయంలో థియేటర్‌కన్నా ఇల్లే నయం.

అప్పుడు థియేటర్లో చూసిన లైవ్ ప్రదర్శన ఇప్పుడు కొందామంటే ఎందుకు దొరకడం లేదు?

ప్రదర్శనకు ఇచ్చిన అనుమతి వేరు, డిస్కుగానో డౌన్‌లోడుగానో అమ్ముకునే అనుమతి వేరు. హక్కుదారు మొదటిది ఇచ్చి రెండోది ఇవ్వకపోతే రికార్డింగు ఉన్నా బయటికి రాదు. కాపీరైటు లేని సినిమాలకు ఈ అడ్డు లేదు కాబట్టి పాత సినిమాల లైవ్ రికార్డింగులు తేలికగా దొరుకుతాయి. పెద్ద సంస్థల సినిమాలైతే, లైవ్ దొరకనప్పుడు అదే సినిమాకు స్టూడియో ఎమ్‌పీ3 ఉందేమో చూడండి.

సినిమాటిక్ టైటానిక్ మొదటి డిస్కులకూ తర్వాతి డిస్కులకూ ఇంత తేడా ఎందుకు?

మొదటివి స్టూడియోలో చేసినవి, తర్వాతివి హాలులో రికార్డు చేసినవి. మొదటి డిస్కుల్లో ఐదుగురూ తెర రెండు వైపులా నీడలుగా కనిపిస్తారు, మధ్యలో సినిమాను ఆపి చిన్న నాటకాలు కూడా ఆడతారు. 2009లో ఈస్ట్ మీట్స్ వాట్స్‌తో లైవ్ డిస్కులు మొదలయ్యాయి. నీడలు పోయి మనుషులు వచ్చారు. లైవ్ రికార్డింగులే స్టూడియోకన్నా మెరుగని అనుమానం లేకుండా చెప్పగలిగిన బృందం ఇదొక్కటే అని నా అభిప్రాయం. ఐదుగురు మాట్లాడేటప్పుడు స్టూడియోలో ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకోవడమే ఒక పని. హాలులో ఒకరి జోకుకు మరొకరు నవ్వడం కనిపిస్తుంది, మనుషులు విడివిడిగా తెలుస్తారు.

ప్రేక్షకులు లేకుండా ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చేసినవి ఏ కోవలోకి వస్తాయి?

2020లో థియేటర్లు మూతపడ్డాక ద మ్యాడ్స్ బృందం ఇంటినుంచే ప్రత్యక్ష ప్రసారాలు చేసింది. తప్పు దొర్లితే దిద్దుకునే అవకాశం లేదు కాబట్టి లైవే, నవ్వులు లేవు కాబట్టి వినడానికి స్టూడియోలా ఉంటుంది. ఇద్దరే మాట్లాడటం, తొందర లేకపోవడం వల్ల ఈ రూపం వాళ్లకు బాగా నప్పింది. ముగ్గురు నలుగురైతే ఇంటర్నెట్ ఆలస్యం వల్ల ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది.

ప్రేక్షకులకు సినిమా ముందే కంఠతా వస్తే లైవ్ చెడిపోదా?

చెడిపోయే ప్రమాదం ఉంది. ద రూమ్‌కు అమెరికాలో చాలా ఏళ్లుగా అర్ధరాత్రి ఆటలు వేస్తున్నారు. బల్లమీది ఫ్రేములో చెంచా బొమ్మ కనిపించగానే జనం ప్లాస్టిక్ చెంచాలు తెరమీదికి విసరడం అక్కడ ఆనవాయితీ. అటువంటి సినిమాకు ప్రేక్షకులే సగం వ్యాఖ్యాతలు. వాళ్లు ఎదురుచూస్తున్న మాట రాకముందే నవ్వు మొదలవుతుంది, రాసిపెట్టుకున్న జోకు ఆలస్యంగా వచ్చిన అతిథిలా నిలబడుతుంది. అందుకే ఆ సినిమా విషయంలో నేను స్టూడియో వ్యాఖ్యానాన్నే ముందు సూచిస్తాను.

ఒకే సినిమాను వేర్వేరు బృందాలు మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తాయి? ఏది అసలుది?

హక్కులు దొరికే చెత్త సినిమాలు, అందులోనూ గంటన్నరపాటు కూర్చోబెట్టగల చెత్త సినిమాలు, అనుకున్నంత ఎక్కువగా లేవు. 1964 నాటి శాంటా క్లాజ్ కాంకర్స్ ద మార్షియన్స్‌ను మిస్టరీ సైన్స్ థియేటర్ 3000 బృందం 1991లోనూ, సినిమాటిక్ టైటానిక్ 2008లో స్టూడియోలోనూ, రిఫ్‌ట్రాక్స్ 2013లో లైవ్‌గానూ చేశాయి. మానోస్ కూడా 1993లో టెలివిజన్‌లో వచ్చాకనే 2012లో వేదిక ఎక్కింది. రాతలు వేరు కాబట్టి వీటిలో అసలుది, నకలుది అంటూ లేవు. లైవ్, స్టూడియో తేడాను స్వయంగా తెలుసుకోవాలంటే శాంటా క్లాజ్ సినిమాయే తగినది. ఒకే పదినిమిషాల భాగాన్ని, అంటే మార్షియన్ పిల్లలు టీవీ ముందు కూర్చొని ఉండే చోటునుంచి, మూడింటిలోనూ వరుసగా చూడండి. మూడు రూపాలనూ పూర్తిగా ఒకే రోజు చూడటం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను.